ప్రభల వెలుగు పెన్‌డ్రైవ్‌లో పట్టేదెలా?

మహాశివరాత్రి నాడు కోటప్పకొండ తిరునాళ్లలో తీసిన వీడియోను మర్నాడు ఇంట్లో టీవీకి పెట్టి చూస్తే చాలామందికి నిరాశే మిగులుతుంది. కళ్లెదుట అంత స్పష్టంగా మెరిసిన విద్యుత్ ప్రభ తెర మీద గళ్లు గళ్లుగా పగిలిపోయి ఉంటుంది. బల్బుల వరుసలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. వెనక ఉన్న చీకటి ఆకాశం నలుపు, బూడిదరంగు పట్టీలుగా విడిపోతుంది. ప్రభ ముందు నడిచే జనం ముఖాల్లో కళ్లూ ముక్కూ చెరిగిపోతాయి. తప్పు ఫోనుదనో కెమెరాదనో అనుకుంటాం. ఎక్కువసార్లు కెమెరా తన పని తాను సరిగ్గానే చేసి ఉంటుంది. తీసిన బొమ్మను కుదించి ఫైలుగా మార్చే దగ్గర నష్టం జరుగుతుంది.

నరసరావుపేటకు పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ కొండకు కావూరు, పురుషోత్తమపట్నం లాంటి ఊళ్ల నుంచి ఎనభై, తొంభై అడుగుల ఎత్తు ప్రభలు కదిలి వస్తాయి. వాటి మీద వేల బల్బులు వెలుగుతూ ఆరుతూ దేవుళ్ల బొమ్మలు గీస్తాయి. వీడియోను కుదించే సాఫ్ట్‌వేర్‌కు ఇంతకంటే కఠినమైన పరీక్ష పెట్టడం కష్టం. కారణం తెలియాలంటే ఆ సాఫ్ట్‌వేర్ అసలు ఏం చేస్తుందో చూడాలి.

ముందు కొలత తెలుసుకుందాం. ఫుల్ హెచ్‌డీ వీడియోలో ఒక ఫ్రేముకు 1920 నిలువు వరుసలు, 1080 అడ్డు వరుసలు. అంటే 20 లక్షల పైచిలుకు చుక్కలు. ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు విలువలు, ఒక్కో విలువకు ఒక బైటు. ఒక ఫ్రేము సుమారు 62 లక్షల బైట్లు. సెకనుకు 25 ఫ్రేముల చొప్పున గంటసేపు తీస్తే 560 గిగాబైట్లు అవుతుంది. మూడు గంటల పెళ్లి వీడియో ఏ కుదింపూ లేకుండా దాచాలంటే ఒకటిన్నర టెరాబైట్లకు పైగా కావాలి. అదే పెళ్లిని స్టూడియోవాళ్లు పదీ పన్నెండు గిగాబైట్లలో పెట్టి పెన్‌డ్రైవ్ చేతికిస్తారు. నూట యాభై పాళ్లలో ఒక పాలు మిగిలిందన్నమాట. మిగతా 149 పాళ్లు ఎక్కడికి పోయాయి?

చాలావరకు పునరుక్తి రూపంలో పోయాయి. పెళ్లిపీటల మీద వధూవరులు జీలకర్ర బెల్లం పెట్టుకుని కూర్చున్నప్పుడు వెనక మండపం కదలదు. పూలదండలు కదలవు. ఒక ఫ్రేముకూ మరుసటి ఫ్రేముకూ మధ్య మారేది పురోహితుడి చేయి, ఒక కనురెప్ప, పక్కన విసురుతున్న విసనకర్ర. కాబట్టి కుదించే సాఫ్ట్‌వేర్, అంటే ఎన్‌కోడర్, అప్పుడప్పుడు ఒక పూర్తి ఫ్రేమును దాచి, మధ్యలోవాటికి ‘ముందు బొమ్మలోని ఈ గడిని ఇంత దూరం జరిపి వాడుకో, మిగిలిన తేడా ఇదీ’ అని మాత్రమే రాసుకుంటుంది. తేడా చిన్నదైతే రాత కూడా చిన్నదే.

తలంబ్రాల ఘట్టం రాగానే ఈ లెక్కంతా తలకిందులవుతుంది. వందల గింజలు, రంగురంగుల థర్మోకోల్ పూసలు ఒకేసారి గాల్లోకి లేస్తాయి. ఏ గింజా ముందు ఫ్రేములో ఉన్నచోట ఉండదు. ఒకదానికొకటి సంబంధం లేకుండా కదులుతాయి. వీటిని గత ఫ్రేముల నుంచి ఊహించడం కుదరదు, కొత్తగా రాయాల్సిందే. మాచర్ల దగ్గర ఎత్తిపోతల జలపాతానికీ ఇదే కథ. చంద్రవంక నీళ్లు 70 అడుగుల కిందికి దూకి నురుగయ్యేచోట ప్రతి క్షణం కొత్త బొమ్మే. ప్రభ మీద మినుకుమినుకుమనే బల్బుల తీరూ అంతే. ఏదీ కదిలిపోకపోయినా ప్రతిదీ వెలుగు మార్చుకుంటుంది. పైగా అది రాత్రి. వెలుతురు చాలక కెమెరా తన సున్నితత్వాన్ని పెంచుకుంటే చీకట్లో సన్నని రవ్వ లేస్తుంది. ఆ రవ్వ కూడా ఫ్రేముకొక తీరుగా మారుతుంది. కంటికి అక్కర్లేని ఆ రవ్వను రాయడానికే ఎన్‌కోడర్ సగం కేటాయింపు ఖర్చు పెట్టేసి, ప్రభకు మిగల్చదు.

ఇలా ఊహించగా మిగిలిన తేడాను రాసే పద్ధతిలో మన దక్షిణాదివాళ్ల చేయి ఉంది. అది తెలుగువాళ్లలో చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది. బెంగళూరులో పుట్టి అమెరికాలో ఆచార్యుడైన నాసిర్ అహ్మద్‌కు 1972లో ఒక ఆలోచన వచ్చింది. బొమ్మలోని చిన్న గడిని చుక్కల విలువలుగా కాకుండా, నెమ్మదిగా మారే అలలు, వేగంగా మారే అలల మొత్తంగా రాస్తే, సారమంతా కొద్ది అంకెల్లోకి చేరుతుందని. దాని మీద పరిశోధనకు నిధులివ్వమని అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థను అడిగితే, మరీ తేలిక విషయంగా కనిపించిందేమో, ఇవ్వలేదు. ఆయన మానలేదు. తన విద్యార్థి టి. నటరాజన్‌తోనూ, టెక్సస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ ప్రాంగణంలో పాఠాలు చెప్పే స్నేహితుడు కె.ఆర్. రావుతోనూ కలిసి 1974 జనవరిలో నాలుగు పేజీల పత్రం అచ్చువేయించాడు. ఆ కె.ఆర్. రావు పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదివి అమెరికా వెళ్లి, 1966 నుంచి దశాబ్దాల పాటు ఆర్లింగ్టన్‌లోనే పాఠాలు చెప్పాడు. 2021లో కన్నుమూశాడు. ‘డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్’ అనే ఆ పద్ధతి లేనిదే జేపెగ్ ఫొటో లేదు. వీసీడీ, డీవీడీ, యూట్యూబ్, వాట్సాప్ వీడియో ఏదీ ఇవాళ మనకు తెలిసిన రూపంలో ఉండేది కాదు.

ఆ పద్ధతి పని తీరు ఇది. ఎనిమిది అడ్డం, ఎనిమిది నిలువు చుక్కల గడిలో 64 విలువలుంటాయి. వాటిని 64 అలల బలాలుగా మారుస్తారు. మామూలు బొమ్మల్లో మొదటి కొన్ని అలలకే బలం ఎక్కువ, మిగతావి సున్నాకు దగ్గరగా ఉంటాయి. ఇంతవరకూ నష్టం ఏమీ లేదు, కావాలంటే వెనక్కి మార్చుకోవచ్చు. నష్టం ఆ తర్వాతి అడుగులో వస్తుంది. ప్రతి బలాన్నీ ఒక అంకెతో భాగించి, శేషాన్ని వదిలేస్తారు. భాగించే అంకె పెద్దదైతే చిన్న అలలన్నీ సున్నాలైపోతాయి. ఫైలు చిన్నదవుతుంది. బొమ్మ మొరటుదవుతుంది. మరీ పెద్దదైతే గడికి ఒకే రంగు మిగిలి, పక్క గడితో అతుకు కనిపిస్తుంది. మనం ‘బొమ్మ పగిలింది’ అనేది దాన్నే. నాణ్యత, సైజు అనే రెండింటి మధ్య బేరమంతా ఈ ఒక్క భాగహారంలో ఉంది. మిగతా సెట్టింగులన్నీ ఆ బేరాన్ని తెలివిగా నడిపేవి మాత్రమే.

రంగు విషయంలో మరో కోత ఉంది, దాన్ని గురించి మిరప పండే పల్నాడులో ప్రత్యేకంగా చెప్పాలి. మన కన్ను వెలుగునీడల తేడాను పట్టినంత చురుగ్గా రంగు తేడాను పట్టదు. అందుకని వీడియోలో వెలుగును ప్రతి చుక్కకూ రాసి, రంగును నాలుగు చుక్కలకు ఒకసారే రాస్తారు. 1920 వెడల్పు బొమ్మలో రంగు 960 వెడల్పులోనే ఉంటుందన్నమాట. దీన్నే 4:2:0 అంటారు. ఆకులు, గోడలు, ముఖాల విషయంలో ఎవరికీ తేడా తెలియదు. ఎరుపు దగ్గర తెలుస్తుంది. హెచ్‌డీ లెక్కలో చుక్క వెలుగుకు ఆకుపచ్చ వాటా 72 శాతం, ఎరుపుది 21, నీలానిది 7. నిండు ఎరుపులో వెలుగు భాగం తక్కువ, వివరమంతా రంగు భాగంలోనే దాగి ఉంటుంది. ఆ రంగు భాగాన్నే మనం నాలుగో వంతుకు తెగ్గోశాం. ఫిబ్రవరి, మార్చిలో కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల్ని డ్రోనుతో తీస్తే కాయకూ కాయకూ మధ్య గీత పోయి ఎర్రటి ముద్దలా కనిపించడానికి కారణం ఇదే. ఎర్ర పట్టుచీర మడతలూ, ప్రభ మీది ఎర్ర బల్బులూ ముందుగా చెదిరిపోవడానికీ ఇదే. బిట్‌రేట్, అంటే సెకనుకు వాడే బిట్లు, పెంచితే కొంత మెరుగవుతుంది, పూర్తిగా పోదు. తీసేటప్పుడే ఎరుపు మరీ నిండిపోకుండా వెలుతురు కాస్త తగ్గించుకోవడం మంచి ఉపాయం.

వెలుతురు మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలు. చాలా దీపాలు సెకనుకు వందసార్లు కంపిస్తాయి. ఫోన్లు సాధారణంగా సెకనుకు 30 ఫ్రేములు తీస్తాయి, ఆ రెండూ పొసగవు. బొమ్మంతా సన్నగా అదురుతుంది, అడ్డంగా పట్టీలు పాకుతాయి. ఆ అదురును కూడా ఎన్‌కోడర్ పాపం నిజమైన మార్పుగానే లెక్కేసి దానికీ బిట్లు పెడుతుంది. కెమెరాలో 25 లేదా 50 ఫ్రేములు, షట్టర్ సెకనులో 50వ వంతు పెట్టుకుంటే ఇందులో చాలా భాగం మొదట్లోనే తీరిపోతుంది. ఏ సాఫ్ట్‌వేరూ తర్వాత ఇంత చవగ్గా బాగుచెయ్యలేదు.

ఇక అసలు బేరానికి వద్దాం. ఫైలు సైజు లెక్క చాలా సూటిగా ఉంటుంది. సెకనుకు ఎన్ని బిట్లు అన్నదాన్ని నిడివితో గుణించడమే. సెకనుకు 8 మెగాబిట్లు పెడితే సెకనుకు ఒక మెగాబైటు, గంటకు 3.6 గిగాబైట్లు. ఇందులో రిజల్యూషన్ ఊసే లేదని గమనించండి. 4కే అయినా, ఫుల్ హెచ్‌డీ అయినా అదే బిట్‌రేటుకు అదే సైజు. అందుకే ‘4కేలో ఇచ్చాం’ అన్న మాట ఒక్కదాన్నే నమ్మకూడదు. నాలుగు రెట్ల చుక్కలకు అదే కూడు పంచితే ప్రతి చుక్కా పస్తుంటుంది. నా మటుకు ఆకలితో ఉన్న 4కే కంటే కడుపునిండిన ఫుల్ హెచ్‌డీయే మేలు.

బిట్లు పంచడానికి రెండు తోవలున్నాయి. ఒకటి, మొదటి నుంచి చివరి దాకా ఒకే బిట్‌రేట్. రెండోది, నాణ్యతను స్థిరంగా పట్టుకుని బిట్లను అవసరాన్ని బట్టి వదలడం. సాగర్ కుడికాలువ కింద సేద్యం తెలిసినవారికి ఈ తేడా చెప్పడం సులువు. ప్రతి పొలానికీ ఒకే కొలత నీళ్లు వదిలితే వరిమడికి చాలవు, పక్కనే ఉన్న మిరపచేలో నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది. పంటను చూసి పెడితే రెండూ పండుతాయి. తలంబ్రాలకు సెకనుకు 20 మెగాబిట్లు కావచ్చు, జీలకర్ర బెల్లానికి మూడు చాలు. రెండింటికీ ఎనిమిదేసి పెడితే ఒకచోట బొమ్మ పగులుతుంది, మరోచోట బిట్లు వృథా.

ఎక్స్264 అనే ఉచిత ఎన్‌కోడర్‌లో ఈ రెండో తోవకు సీఆర్‌ఎఫ్ అని పేరు. హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ గీత జరిపితే చాలు. అంకె 0 నుంచి 51 దాకా ఉంటుంది. తక్కువైతే నాణ్యత ఎక్కువ. ఎక్స్264లో ఏమీ మార్చకపోతే 23 ఉంటుంది. ఆరు మెట్లు దిగితే ఫైలు సుమారు రెట్టింపు, ఆరు మెట్లు ఎక్కితే సుమారు సగం. ఇంట్లో భద్రపరచుకునే కాపీకి 18, బంధువులకు పంచే కాపీకి 21 లేదా 22 పెట్టమని నేను చెబుతాను. రాత్రి ప్రభలకు, బాణసంచాకు మరో రెండు మెట్లు దిగాలి. చీకటి ఆకాశంలో వెలుగు మెట్లు అసలే కొద్ది, ఎన్‌కోడర్ వాటిలోనూ పొదుపు చేయబోతే ముందు చెప్పిన పట్టీలు బయటపడతాయి.

సీఆర్‌ఎఫ్‌లో ఒక చిక్కుంది. ఫైలు ఎంత వస్తుందో ముందుగా తెలియదు. ‘సరిగ్గా ఇంతలో పట్టాలి’ అన్న కట్టుబాటు ఉంటే టూ పాస్ పద్ధతి వాడాలి. ఎన్‌కోడర్ మొదటి విడత వీడియో అంతా చూసి ఎక్కడ కష్టమో రాసుకుంటుంది, రెండో విడత ఆ లెక్క ప్రకారం పంచుతుంది. సమయం ఎక్కువ పడుతుంది. పెళ్లిళ్ల సీజన్‌లో రోజుకో రెండర్ పెట్టే స్టూడియోలకు అదే అసలు ఇబ్బంది, అర్థం చేసుకోదగ్గదే. ఎన్‌కోడర్ వేగాన్ని నిర్ణయించే ప్రీసెట్ కూడా సమయం సంగతే. ‘వెరీ ఫాస్ట్’ పెడితే ఎన్‌కోడర్ పోలికలు వెతకడం త్వరగా మానేస్తుంది, ‘స్లో’ పెడితే ఓపిగ్గా వెతుకుతుంది. ఓపిగ్గా వెతికినప్పుడు అదే నాణ్యత తక్కువ సైజులో వస్తుంది. గ్రాఫిక్స్ కార్డుతో చేసే ఎన్‌కోడింగ్ ఎంతో వేగం, కానీ అదే బిట్‌రేటుకు సాధారణంగా కాస్త వెనకబడుతుంది. రాత్రి పడుకునే ముందు ‘స్లో’లో పెట్టి వెళ్లడం కంటే మంచి సలహా నా దగ్గర లేదు.

అంకెలు ఎవరు చెప్పినా గుడ్డిగా పెట్టుకోవద్దు. వీడియోలో అన్నిటికంటే కష్టమైన ఒక నిమిషం ముక్క తీయండి. తలంబ్రాలో, ప్రభో, ఎత్తిపోతలో. దాన్ని 18, 20, 22, 24లలో నాలుగు ఫైలులుగా చేసి, కంప్యూటర్ తెర మీద కాదు, చివరికి ఏ టీవీలో చూస్తారో దాని మీద, చూసేంత దూరంలో కూర్చుని చూడండి. తేడా కనిపించని అంకెల్లో పెద్దదాన్ని ఎంచుకోండి. సులువైన ముక్కతో పరీక్ష చేస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి, నిర్ణయం తప్పుతుంది.

ఇంత చేసినా పెన్‌డ్రైవ్ టీవీకి పెడితే ఆడకపోవచ్చు. నాణ్యత, సైజుల తర్వాత మూడో షరతు, అంటే ఏ టీవీలోనైనా ఆడటం, ఇక్కడే మొదలవుతుంది. మన ఊళ్లలో పెళ్లి వీడియో ప్రయాణం గుర్తుచేసుకుంటే దీని బలం తెలుస్తుంది. మొదట వీహెచ్‌ఎస్ క్యాసెట్. తర్వాత వీసీడీ వచ్చింది. అందులో బొమ్మ 352 అడ్డం, 288 నిలువు చుక్కలు, సెకనుకు 1150 కిలోబిట్లు, ఒక డిస్కులో 74 నిమిషాలు. మూడు గంటల పెళ్లికి మూడు డిస్కులు. బొమ్మ గొప్పగా ఏమీ ఉండేది కాదు, కానీ ఏ ఊళ్లో ఏ ప్లేయర్‌లో వేసినా ఆడేది. ప్రమాణం ఒక్కటే కావడం వల్ల. డీవీడీ కూడా అంతే, 720 బై 576, ఎంపెగ్-2, 4.7 గిగాబైట్ల డిస్కు. పెన్‌డ్రైవ్ వచ్చాక ఆ క్రమశిక్షణ పోయింది. అందులో ఏ రకం ఫైలైనా పెట్టవచ్చు, టీవీ దాన్ని చదవగలదన్న హామీ లేదు.

మొదటి గండం పెన్‌డ్రైవ్‌లోనే ఉంది. చాలా పెన్‌డ్రైవ్‌లు ఫ్యాట్32 పద్ధతిలో ఉంటాయి, పాత టీవీలు చాలావరకు దాన్నే నమ్మకంగా చదువుతాయి. ఆ పద్ధతిలో ఒక్క ఫైలు 4 గిగాబైట్లకు మించి ఉండకూడదు. 32 గిగాబైట్ల డ్రైవ్ ఖాళీగా ఉన్నా ఐదు గిగాబైట్ల ఫైలు ఎక్కదు. 8 మెగాబిట్ల వీడియో, దానికి తగ్గ ఆడియో కలిపితే 70 నిమిషాలకే ఆ హద్దు వచ్చేస్తుంది. డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌లోకి మారిస్తే హద్దు పోతుంది, కొన్ని టీవీలు అసలు డ్రైవ్‌నే గుర్తించవు. నా సలహా వీడియోను ఘట్టాలుగా విడగొట్టడం. స్నాతకం, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు దేనికది ఒక ఫైలు. హద్దూ దాటదు, అమ్మమ్మకు కావలసిన ఘట్టం వెతకడమూ తేలిక.

రెండో గండం కోడెక్, అంటే వీడియోను కుదించి విప్పే పద్ధతి. హెచ్.264 ప్రమాణం 2003లో వచ్చింది. పదిహేనేళ్ల నాటి టీవీ నుంచి నిన్న కొన్న ఫోను దాకా దాదాపు అన్నిటికీ అది తెలుసు. 2013లో వచ్చిన హెచ్.265, అంటే హెచ్‌ఈవీసీ, అదే నాణ్యతను సుమారు సగం బిట్లలో ఇచ్చేలా రూపొందింది. వాడకంలో లాభం ఘట్టాన్ని బట్టి అంతకంటే తక్కువా ఉండవచ్చు. 2018లో వచ్చిన ఏవీ1కు రాయల్టీలు లేవు, పొదుపు ఇంకా ఎక్కువ, కానీ దాన్ని చదివే చిప్ కొత్త టీవీల్లోనే ఉంది. 2017లో ఐఓఎస్ 11 వచ్చినప్పటి నుంచి కొత్త ఐఫోన్లు మామూలుగా హెచ్‌ఈవీసీలోనే తీస్తాయి. అమెరికా నుంచి వచ్చిన అబ్బాయి తీసిన వీడియో ఊళ్లో పాత టీవీలో ఆడకపోతే, ఎక్కువసార్లు కారణం ఇదే.

మూడోది కంటికి కనిపించదు, అందుకే ఎక్కువ ఏడిపిస్తుంది. ఫైలు పేరు చివర ఎంపీ4 అనే ఉంటుంది, కోడెక్ హెచ్.264 అనే చూపిస్తుంది, అయినా టీవీలో మాట వినిపించి బొమ్మ నల్లగా ఉంటుంది. ఇప్పటి పెళ్లి కెమెరాలు చాలా రంగును మరింత వివరంగా దాచే 10 బిట్, 4:2:2లో తీస్తాయి. ఎడిటింగ్‌లో రంగులు దిద్దడానికి అది ఎంతో మేలు. అదే రూపంలో ఎక్స్‌పోర్ట్ చేస్తే టీవీలోని డీకోడర్ చిప్‌కు చేతకాదు. హెచ్.264లో దానికి వచ్చింది 8 బిట్, 4:2:0. కాబట్టి పంచే కాపీకి ప్రొఫైల్ ‘హై’, లెవెల్ 4.1 లేదా తక్కువ, ఫ్రేములు 25. సెకనుకు 50 ఫ్రేములైతే ఫుల్ హెచ్‌డీకి లెవెల్ 4.2 కావాలి, పాత టీవీలు తడబడతాయి. ఆడియో ఏఏసీ, రెండు చానళ్లు, 192 కిలోబిట్లు. సన్నాయి, డోలు మోతకు ఇంతకంటే తగ్గించకండి, ఆడియోలో మిగిలేది ఎలాగూ కొద్దే. హ్యాండ్‌బ్రేక్‌లో ‘వెబ్ ఆప్టిమైజ్డ్’ అన్న గడిని టిక్ చేస్తే ఫైలు సూచిక ముందుకు వస్తుంది, ఇంటర్నెట్‌లో పెట్టినప్పుడు మొత్తం దిగేదాకా ఆగకుండా ఆట మొదలవుతుంది.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది మళ్లీ గట్టిగా కుదిస్తుంది. డాక్యుమెంటుగా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుంది. యూట్యూబ్ మనం ఏది ఎక్కించినా తన కొలతలకు తిరిగి ఎన్‌కోడ్ చేస్తుంది, మామూలు ఫ్రేము వేగంలో ఉన్న ఫుల్ హెచ్‌డీకి 8 మెగాబిట్లు పెట్టమని అదే సూచిస్తుంది. దానికి ఇచ్చేది ఎంత బాగుంటే బయటికి వచ్చేది అంత బాగుంటుంది. కుదించినదాన్ని మళ్లీ కుదిస్తే మొదటిసారి పోయినది తిరిగి రాదు, రెండోసారి ఇంకొంత పోతుంది. గ్రూపుల్లో తిరిగి తిరిగి వచ్చిన తిరునాళ్ల వీడియో అలా అరిగిందే.

ఈ కారణం చేతనే ఒక్క సెట్టింగుతో మూడు అవసరాలూ తీర్చాలన్న ప్రయత్నం మానుకోమంటాను. రెండు ఫైలులు చేయండి. దాచుకునేది ఒకటి, దానిలో సైజు గురించి, టీవీ గురించి ఆలోచించవద్దు. పంచేది ఒకటి, దానిలో ముందు ఆడాలి, తర్వాతే మిగతావన్నీ. పంచినది పోయినా దాచినదాని నుంచి ఎప్పుడైనా మళ్లీ తీయవచ్చు. తారుమారైతే దారి లేదు.

దీని విలువ కారంపూడిలో బాగా తెలుస్తుంది. కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు నాగులేరు ఒడ్డున పల్నాటి వీరుల ఉత్సవం జరుగుతుంది. రోజుకొక ఘట్టం: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వీరవిద్యావంతులనే గాయకులు పాడే ఆ వీరుల గాథను 1970ల్లో అమెరికా పరిశోధకుడు జీన్ రోగైర్ టేపుల మీద రికార్డు చేసుకుని, దాని ఆధారంగా రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ఆ టేపుల్లో ఉన్నది శబ్దం మాత్రమే. ఇప్పుడు ప్రతి చేతిలో కెమెరా ఉంది. పంబజోడు అనే వాద్యం మీద వేళ్లు ఎలా పడతాయో, కత్తి ఎలా తిప్పుతారో రేపటి శిష్యుడు నేర్చుకోగలిగేంత స్పష్టంగా దాచవచ్చు. వేళ్ల కదలికే మొదట చెదిరే వివరం, గుర్తుంచుకోండి. అలాంటి రికార్డింగును వాట్సాప్ కాపీగా మిగల్చడం న్యాయం కాదు. కెమెరా ఇచ్చిన అసలు ఫైలులను రెండు హార్డ్‌డిస్కుల్లో, రెండు ఇళ్లలో దాచాలి. తీసిన తేదీ, ఊరు, పాడినవారి పేరు పక్కనే ఒక టెక్స్ట్ ఫైలులో రాసిపెట్టాలి.

పాత క్యాసెట్లు ఉన్నవారికి మరో మాట. వీహెచ్‌ఎస్, మినీడీవీ టేపుల్లో బొమ్మ సెకనుకు 50 అర ఫ్రేములుగా ఉంటుంది. నేరుగా ఎంపీ4 చేస్తే కదిలే అంచుల మీద అడ్డగీతలు వస్తాయి. ముందుగా డీఇంటర్‌లేస్ చేసి 50 పూర్తి ఫ్రేములుగా మార్చమని చెప్పండి. 4:3 బొమ్మను వెడల్పు టీవీకి సాగదీయవద్దనీ చెప్పండి. మనుషులు లావుగా కనిపిస్తే అది మీ నాన్నగారి పెళ్లి అనిపించదు. మినీడీవీ అయితే కెమెరా నుంచి ఫైర్‌వైర్ తీగతో తీసిన అసలు డీవీ ఫైలు గంటకు 13 గిగాబైట్లు ఉంటుంది, అదీ దాచుకోండి. ఈ పని వచ్చే ఏటికి వాయిదా వేయకండి. ప్రపంచంలో వీసీఆర్‌లు తయారుచేసిన చివరి కంపెనీ, జపాన్‌కు చెందిన ఫునాయ్, 2016 జూలైతో వాటి తయారీ ఆపేసింది. ఇప్పుడు పనిచేస్తున్నవి పాడైతే కొత్తవి రావు.